రేణిగుంట రైల్వే కాలనీ: ప్రణాళికాబద్ధ నివాసం, ఉమ్మడి జీవనం

వ్యాససంగ్రహం

రేణిగుంట రైలు కూడలిని ఆధారంగా చేసుకొని, రైల్వే కాలనీ అనే నివాసరూపం ఎలా ఏర్పడింది, అక్కడ ఇరుగుపొరుగు జీవితం దేనిమీద నిలిచింది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇల్లు ఎవరిది, ఉమ్మడి స్థలం ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు రైల్వే కాలనీలోనూ, నేటి లేఅవుట్లలోనూ వచ్చే సమాధానాలు వేరు. ఆ తేడా నుంచే రెండు రకాల సామాజిక జీవనం పుట్టిందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: రేణిగుంట, రైల్వే కాలనీ, ప్రణాళికాబద్ధ నివాసం, ఉమ్మడి స్థలం, స్థలనామాలు, లేఅవుట్.

1. ఉపోద్ఘాతం

చెన్నై–ముంబయి ప్రధాన రైలుమార్గాన్ని గూడూరు–కాట్పాడి మార్గం కలిసే చోట రేణిగుంట ఉంది. తిరుపతికి సుమారు పది కిలోమీటర్ల దూరం. తిరుపతి స్టేషనుకు పోని రైళ్లలో వచ్చే యాత్రికులు ఇక్కడ దిగి కొండకు పోతారు. అందువల్ల రేణిగుంట పేరు వినని తెలుగువారు అరుదు. దాన్ని ఒక ఊరుగా ఎరిగినవారు అంతకన్నా అరుదు. చిత్తూరు ప్రాంతపు కథాసాహిత్యం కూడా ఎక్కువగా పల్లె చుట్టూనే తిరిగింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మిట్టూరోడి కథలు’ అన్న పేరులోనే ఊరు ఉంది. ప్లాట్‌ఫారానికి అవతల, వరుసలు తీరిన క్వార్టర్లలో తరాల తరబడి సాగిన బతుకుకు సాహిత్యంలో దక్కిన చోటు తక్కువ.

ప్రణాళికాబద్ధ నివాసప్రాంతం గురించి పాఠ్యగ్రంథాలు చెప్పే చరిత్ర సాధారణంగా ఎబెనెజర్ హోవర్డ్‌తో మొదలవుతుంది. ఆయన 1898లో ప్రచురించిన పుస్తకంలో ‘ఉద్యాననగరం’ భావనను ప్రతిపాదించాడు. 1903లో ఇంగ్లండులో లెచ్‌వర్త్ నిర్మాణం ఆ భావనతోనే ఆరంభమైంది. తరువాత 1929లో అమెరికాకు చెందిన క్లారెన్స్ పెర్రీ ‘ఇరుగుపొరుగు ప్రమాణం’ అనదగిన నమూనాను ఇచ్చాడు. సుమారు 160 ఎకరాల నేల, నడుమ ప్రాథమిక పాఠశాల, పిల్లలు పెద్దరోడ్డు దాటకుండా నడిచిపోగలిగినంత దూరం, అంచుల్లో దుకాణాలు, పదో వంతు స్థలం పార్కులకు, ఆటస్థలాలకు. స్వతంత్ర భారతంలో నిర్మించిన అనేక పారిశ్రామిక నగరాలపై ఈ నమూనా ప్రభావం కనిపిస్తుంది.

హోవర్డ్ ఆలోచనలో తోటలు పైకి కనిపించే భాగం మాత్రమే. నేల మొత్తం సమష్టి యాజమాన్యంలో ఉండాలి, అక్కడ నివసించేవారు అద్దె చెల్లించాలి, ఆ అద్దె తిరిగి ఊరి అవసరాలకే ఖర్చు కావాలి అన్నది ఆయన అసలు వాదం. తరువాతివారు తోటలను తీసుకున్నారు, నేల సంగతి వదిలేశారు. రైల్వే కాలనీ ఈ సిద్ధాంతాలన్నిటికన్నా ముందే పుట్టింది. దానికి ఆదర్శమంటూ ఏమీ లేదు. రైలు సమయానికి కదలాలన్న అవసరం ఒక్కటే దాన్ని నిర్మించింది. అయినా నేలంతా ఒకే యజమాని చేతిలో ఉండటం, ఇళ్లలో ఉన్నవారెవరికీ ఇల్లు సొంతం కాకపోవడం అన్న రెండు లక్షణాలు అందులో అనుకోకుండా కుదిరాయి. అయితే ఇక్కడ ఆ యజమాని నివాసుల సమష్టి కాదు, వాళ్ల కొలువు యజమానే. ఈ వ్యాసం ప్రధానంగా పరిశీలించేది ఆ అమరిక ఫలితాలనే.

2. ‘కాలనీ’ అన్న మాట

రేణిగుంట చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చూస్తే ఈ మాట ఎంత కొత్తదో తెలుస్తుంది. కరకంబాడి, గాజులమండ్యం, ఏర్పేడు, కొంచెం దూరంలో గుడిమల్లం. రేణిగుంట పేరు చివర ఉన్న ‘గుంట’ నీటి మడుగు. తెలుగు స్థలనామాల ఉత్తరపదాలు సాధారణంగా ఆ ఊరికి ఆధారమేమిటో చెబుతాయి. గుంట, చెరువు, ఏరు నీటిని చెబుతాయి. పేట అంగడిని, పాలెం దండు విడిసిన చోటునో చిన్న ఊరినో, అగ్రహారం దానాన్ని, వాడ ఒక కులమో వృత్తో కలిసి ఉన్న వీథిని సూచిస్తాయి. ‘కాలనీ’ వీటిలో దేన్నీ చెప్పదు. ఎవరో ఒకరు కొలతలు వేసి, ఒకేసారి కట్టి, పంచి ఇచ్చారన్న సంగతి ఒక్కటే చెబుతుంది. అందుకే ఆ మాట ఒంటరిగా నిలవలేదు, దానికి ముందొక విశేషణం కావాలి. రైల్వే కాలనీ, హౌసింగ్ బోర్డు కాలనీ, ఎన్జీవో కాలనీ, 2020 డిసెంబరు తరువాత జగనన్న కాలనీ. ఇచ్చినవారి పేరో పుచ్చుకున్నవారి పేరో ఆ విశేషణంలో ఉంటుంది.

విశేషణం లేకుండా వాడితే అర్థం మారిపోతుంది. రాయలసీమ పల్లెల్లో ఉత్తి ‘కాలనీ’ అంటే చాలాచోట్ల ఊరి చివర ప్రభుత్వం దళితులకు కట్టించిన ఇళ్లే. సరిహద్దు అవతల తమిళనాడులో ఈ అర్థం ఎంతగా బలపడిందంటే, అంటరానితనానికి గుర్తుగా మారినందున ప్రభుత్వ రికార్డుల నుంచి ఆ మాటను తొలగిస్తామని 2025 ఏప్రిల్‌లో అక్కడి ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. ‘వాడ’ను తప్పించడానికి వచ్చిన మాట మళ్లీ ‘వాడ’ అర్థాన్నే తెచ్చుకుందన్నమాట. పట్టణంలో మాత్రం అదే మాట మధ్యతరగతి గౌరవానికి చిహ్నంగా ఉంది. ఒకే పదం పది కిలోమీటర్ల లోపల రెండు అంతస్తులను సూచించడం సామాజిక భాషాశాస్త్ర దృష్టితో విడిగా పరిశీలించదగిన అంశం.

మూలానికి వెళితే, లాటిన్‌లో ‘కలోనియా’ అంటే రోము రాజ్యం కొత్త నేలలో ఏర్పరచిన నివాసం. సైన్యంలో కొలువు ముగించిన సైనికులకు అటువంటి చోట్ల భూమి ఇచ్చి స్థిరపరచేవారు. రైల్వే కాలనీలో జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. అక్కడ కొలువు ఉన్నన్నాళ్లే ఇల్లు.

3. రేణిగుంటలోనే ఎందుకు?

మద్రాసు రైల్వే కంపెనీ దక్షిణాదిలో తొలి రైలును 1856 జులై 1న నడిపింది. అరక్కోణం నుంచి వాయవ్య దిశగా శాఖామార్గం పనిని 1861లో మొదలుపెట్టింది. ఆ మార్గం 1862లో రేణిగుంటకు చేరింది. అదే మార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. తరువాత కాట్పాడి, పాకాల, గూడూరు దిక్కుగా మీటర్ గేజ్ మార్గం వచ్చి రేణిగుంటను కూడలిగా మార్చింది. రెండు కొలతల పట్టాలు కలిసే చోట సరుకును ఒక బండి నుంచి ఇంకొక బండికి ఎక్కించాలి, ప్రయాణికులు బండి మారాలి. రెండు మార్గాలకూ సిబ్బంది కావాలి.

ఆవిరి యంత్రాల యుగంలో రైల్వే కాలనీల దూరాన్ని నిర్ణయించింది నీళ్లు, బొగ్గు, మనిషి ఓపిక. ఇంజను కొంత దూరం నడిచాక నీళ్లు పట్టాలి, నిప్పుగూడు శుభ్రం చేయాలి. డ్రైవరు, ఫైర్‌మన్ దిగి, వేరే జట్టు ఎక్కాలి. దిగినవారికి పడక, ఎక్కేవారికి ఇల్లు స్టేషనుకు కూతవేటు దూరంలోనే ఉండాలి. ఈ మార్గంలోనే కడప దిక్కుగా వెళితే చెయ్యేటి ఒడ్డున నందలూరు ఉంది. అక్కడి లోకో షెడ్డు, దాని చుట్టూ పెరిగిన కాలనీ ఒకప్పుడు ఆ ప్రాంతంలో పేరుపొందినవి. ఆవిరి ఇంజన్లు పోగానే షెడ్డుకు పని లేకుండా పోయింది, దానితో కాలనీ కళ తప్పింది. నెల్లూరు జిల్లా బిట్రగుంటదీ ఇటువంటి కథే. నది ఎండిపోయి ఊళ్లు పాడుబడటం తెలుగు నేలకు తెలిసిన సంగతే, యంత్రం మారి ఊరు పాడుబడటం ఆనాటికి కొత్త. రేణిగుంటకు ఆ గతి పట్టకపోవడానికి ముఖ్యకారణం అది షెడ్డు ఊరు మాత్రమే కాదు, కూడలి ఊరు కావడం. ఏ ఇంజను లాగినా రైళ్లు అక్కడ ఆగక తప్పదు.

పాలనా సరిహద్దులు ఈ కాలనీ చుట్టూ అనేకసార్లు మారాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. రైల్వే సరిహద్దులు వేరు. మద్రాసు రైల్వే 1908లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో కలిసింది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడింది. 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజను మొత్తాన్ని దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మార్చారు. అంటే అంతవరకూ పెద్ద ఆఫీసు మద్రాసు, ఆ తరువాత సికింద్రాబాదు. ఫిర్యాదు పోయే దిక్కు, ప్రమోషను ఆర్డరు వచ్చే దిక్కు రెండూ ఒక్క రోజులో మారాయి. 2019 ఫిబ్రవరి 27న ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోనుతో అది విశాఖపట్నం వైపు తిరిగింది. ఇక 1960లో సరిహద్దుల సవరణ జరిగినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. రేణిగుంట, అరక్కోణాల నడుమ రైలుబండి మాత్రం ఎప్పటిలాగే తిరుత్తణిలో ఆగింది. ఆడికృత్తికకు చిత్తూరు సీమ నుంచి కావళ్లు మోసుకొని తిరుత్తణికి పోయే భక్తుల ఆనవాయితీ కూడా ఆగలేదు. ఈ దారిలోని రైల్వే కాలనీల్లో తెలుగు, తమిళం, దక్కనీ ఉర్దూ, ఆంగ్లో-ఇండియన్ల ఇంగ్లీషు ఒకే వరుస ఇళ్లలో వినిపించడానికి నేపథ్యం ఇదంతా.

4. వాడ నుంచి టైపుకు

పల్లెలో ఇల్లు ఎక్కడ ఉందన్నదే మనిషి ఎవరో చెప్పేది. రైల్వే కాలనీ ఆ పద్ధతిని తొలగించి వేరొక పద్ధతిని తెచ్చింది. క్వార్టర్లు టైపుల వారీగా ఉంటాయి. ఒకటో టైపు, రెండో టైపు, ఆపైన మూడు, నాలుగు, ఐదు. ఏ టైపు ఎవరికన్నది జీతపు స్థాయిని బట్టి ఉంటుంది. కీమన్‌కు ఒకటి, స్టేషను మాస్టరుకు ఇంకొకటి, అధికారికి బంగళా. స్టేషను మాస్టరు, రైలు నడిపే సిబ్బంది వంటివారిని ‘అత్యవసర’ వర్గంగా గుర్తించి కేటాయింపులో ముందు నిలబెడతారు. ఖాళీ అయిన ఇల్లు వరుసలో ఉన్న తరువాతి ఉద్యోగికి పోతుంది. ఆ వచ్చేవాడి కులమేమిటన్నది నిబంధనలో లేదు. గోడకు ఇవతల ఒక కులం, అవతల మరొక కులం, ఇద్దరికీ ఒకే వీథికుళాయి. వంద గజాల అవతల పల్లెలో ఊహించలేని పొరుగు ఇది.

దీన్ని సమానత్వమని పొగడటం తొందరపాటు. వలసపాలన నాళ్లలో రైల్వే కాలనీ జాతి ప్రాతిపదికన గీసిన పటం. ఐరోపావారికీ ఆంగ్లో-ఇండియన్లకూ విశాలమైన బంగళాలు, భారతీయ గుమస్తాలకు వేరే వరుస, కింది సిబ్బందికి ‘మీనియల్ క్వార్టర్లు’ అని కాగితాల్లోనే రాసుకున్న గదులు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీని ఆధారంగా చేసుకొని మానవశాస్త్రజ్ఞురాలు లారా బేర్ 2007లో ప్రచురించిన గ్రంథం, జాతి, కుటుంబ గౌరవం, ఉద్యోగం ఈ కాలనీల్లో ఎలా పెనవేసుకున్నాయో వివరంగా చూపింది. స్వాతంత్ర్యం తరువాత జాతి పోయి జీతపు స్థాయి మిగిలింది. చాలా కాలనీల్లో పారిశుద్ధ్య కార్మికుల ఇళ్లు మాత్రం చివరి వరుసలోనే ఉండిపోయాయి. కొలువే కులాన్ని అనుసరించినప్పుడు కొలువును అనుసరించే ఇల్లు కూడా కులాన్ని అనుసరిస్తుంది. నిబంధనలో ఆ మాట లేకపోయినా జరిగేది అదే.

అయినా మార్పు పైపైది కాదు. దాన్ని పిలుపుల్లో గమనించవచ్చు. పల్లెలో మనిషికి ఇంటిపేరే గుర్తు. కాలనీలో ఇంటిపేరు స్థానాన్ని కొలువు పేరు ఆక్రమించింది. ‘గార్డుగారి అబ్బాయి’, ‘టేసన్ మాస్టరుగారి అమ్మాయి’, ‘డ్రైవరు వాళ్లింట్లో’. ఇంట్లోని ఆడవారికి కూడా భర్త ఉద్యోగమే పేరు అయింది. పొరుగువారిని అక్క, అన్న, మామ, పిన్ని అని పిలుచుకోవడం ఉన్నా, ఆ వరుసల వెనుక చుట్టరికం లేదు. పెళ్లిళ్లు మాత్రం సొంత ఊళ్లోనే, సొంత కులంలోనే జరిగాయి. పొరుగు మారినంత వేగంగా వియ్యం మారలేదని దీన్నిబట్టి చెప్పవచ్చు.

5. కాల్‌బాయ్, ఇన్‌స్టిట్యూట్, పందిరి

కాలనీలోని రోజును సూర్యుడు కాదు, రైళ్ల పట్టిక నడుపుతుంది. డ్రైవర్లు, గార్డులకు డ్యూటీ ఏ వేళకైనా పడవచ్చు. టెలిఫోన్లు లేని కాలంలో వారిని పిలవడానికి ‘కాల్‌బాయ్’ అనే ఉద్యోగి ఉండేవాడు. చేతిలో కాల్ బుక్కుతో అర్ధరాత్రి క్వార్టరు తలుపు తట్టి, ఏ బండికి, ఎన్ని గంటలకు అన్నది చెప్పి సంతకం తీసుకొని పోవడం అతని పని. ఏ ఇంట్లో ఎవరు నిద్రలో ఉన్నారో, ఎవరు బండి మీద ఉన్నారో కాలనీ మొత్తంలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సెల్‌ఫోన్ వచ్చాక ఆ కొలువు మాయమైంది. పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇంటి ముందు పిల్లలు గోల చేయకూడదన్న కట్టుబాటు ఏ రూలు పుస్తకంలోనూ ఉండదు. ఆ వరుసలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు పగలు నిద్రపోయే మనిషి ఉంటాడు కాబట్టి అది నిలిచింది. తండ్రి రెండు రోజులు ‘అవుట్ స్టేషన్’లో ఉన్నప్పుడు జ్వరం వచ్చిన బిడ్డను రైల్వే ఆసుపత్రికి తీసుకుపోయేది పక్కింటివారే. పరస్పర సహాయం ఇక్కడ గుణంగా కన్నా అవసరంగా పుట్టింది, అందువల్లనే గట్టిగా ఉంది.

ఈ జీవితానికి నడిబొడ్డు రైల్వే ఇన్‌స్టిట్యూట్. పేరు చూసి విద్యాసంస్థ అనుకోకూడదు, ఇది ఉద్యోగుల వినోదశాల. చదువుకొనే గది, క్యారమ్స్, బ్యాడ్మింటన్ కోర్టు, నాటకాలకు వేదిక. ఆంగ్లో-ఇండియన్లు వదిలిపోయిన తంబోలా ఆట చాలా ఇన్‌స్టిట్యూట్లలో తెలుగు, తమిళ కుటుంబాల సంక్రాంతి వేడుకలోకి చేరింది. సభ్యత్వ రుసుము జీతం నుంచి కోసుకుంటారు. పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకుంటారు. ఉద్యోగుల సంక్షేమనిధి నుంచి ఆటలకు, కళలకు కొంత సొమ్ము వస్తుంది. గుర్తించవలసిందేమిటంటే, ఈ ఉమ్మడి స్థలానికి భవనం ఉంది, బడ్జెట్టు ఉంది, పైకప్పు కారితే చూడవలసిన ఇంజినీరింగు విభాగం ఉంది, లెక్క అడిగే సభ్యుడున్నాడు. కాలనీలో మురుగుకాలువ, కుళాయి ‘వర్క్స్ ఇన్‌స్పెక్టరు’ బాధ్యతగా ఉండేవి. పని జరగకపోతే ఎవరిని నిలదీయాలో అందరికీ తెలుసు. తిట్టుకోవడానికైనా ఒక పేరు ఉండటం చిన్న విషయం కాదు.

పండుగల విషయంలో కాలనీ పల్లెకు భిన్నం. పల్లెకు గ్రామదేవత ఉంటుంది, ఆమెకు పొలిమేర ఉంటుంది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఎవరు ఏ వేషం వేయాలో, ఎవరి ఇంటి నుంచి సారె రావాలో పరంపర నిర్ణయించింది. కాలనీకి అటువంటి దేవత లేదు. దాని సరిహద్దు రైల్వే పాతిన హద్దురాయి. అక్కడ ఎవరికీ పుట్టుకతో వచ్చిన మర్యాద లేదు. కాబట్టి కాలనీ పండుగ చందాతో, కమిటీతో నడుస్తుంది. వినాయకచవితి పందిరి, అయ్యప్ప భజన, క్రిస్మస్ పాటల బృందం. వీటన్నిటికన్నా ప్రత్యేకమైనది ఆయుధపూజ. ఇంజనుకు అరటిపిలకలు కట్టి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి హారతి ఇచ్చేటప్పుడు అన్ని వరుసల ఇళ్లవారూ ఒకచోట చేరేవారు. ముస్లిం ఫిట్టరు, క్రైస్తవ డ్రైవరు, తమిళ గుమస్తా అందరూ ఆ బొరుగులు, శనగలు పంచుకున్నవారే. ఇంజను అందరి కూడుకూ ఆధారం గనుక దాని పూజ ఎవరికీ పరాయిది కాలేదు.

6. ఇంటి మీద హక్కు

ఇక్కడిదాకా చెప్పినది కాలనీకి వెలుగు వైపు. దాని పునాదిలో ఒక షరతు ఉంది. ఇల్లు ఉద్యోగానికి అతుక్కొని ఉంటుంది, మనిషికి కాదు. క్వార్టరులో ఉన్నవారికి ఇంటి అద్దె భత్యం రాదు, పైగా లైసెన్సు రుసుము కోస్తారు. ‘అద్దె’ అనకుండా ‘లైసెన్సు’ అనడంలోనే సంగతి ఉంది. అద్దెకు ఉన్నవాడికి చట్టం ఇచ్చే రక్షణ లైసెన్సుదారుడికి ఉండదు. ఉద్యోగి పదవీవిరమణ చేశాక మామూలు రుసుముతో నాలుగు నెలలు, చదువు లేదా అనారోగ్యం వంటి కారణం చూపితే హెచ్చు రుసుముతో మరో నాలుగు నెలలు ఉండనిస్తారు. ఉద్యోగి మరణిస్తే కుటుంబానికి 24 నెలలు. గడువు దాటితే ఆ కుటుంబం కాగితాల్లో ‘అనధికార ఆక్రమణదారు’ అవుతుంది. ముప్పై ఏళ్లు ముగ్గు వేసిన వాకిలి అయినా సరే.

ఈ షరతును దాటడానికి ఒకే దారి ఉండేది. తండ్రితో కలిసి ఆ క్వార్టరులోనే ఉంటూ, అద్దె భత్యం తీసుకోకుండా రైల్వేలోనే పనిచేస్తున్న కొడుకు లేక కూతురు ఉంటే, నిబంధనలకు లోబడి ఇంటిని వారి పేరున కేటాయించే వెసులుబాటు ఉండేది. అంటే ఇల్లు వారసత్వంగా రావాలంటే ముందు కొలువు వారసత్వంగా రావాలి. మరణించిన ఉద్యోగి కుటుంబంలో ఒకరికి ఇచ్చే కారుణ్య నియామకానికి కాలనీ కుటుంబాలు ఇచ్చిన విలువను ఈ కోణం నుంచి కూడా అర్థం చేసుకోవాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ‘ఎవరు చేరతారు’ అన్న ప్రశ్న జీతం కోసమే కాదు, నెత్తి మీది కప్పు కోసం కూడా.

యజమానే ఇంటి యజమాని కూడా అయినప్పుడు ఏమవుతుందో 1974 చూపింది. ఆ ఏడాది మే 8న జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో మొదలైన అఖిల భారత రైల్వే సమ్మెలో సుమారు 17 లక్షల మంది పాల్గొన్నారు. సమ్మె మూడు వారాల లోపే ముగిసింది. ఆ రోజుల్లో దేశంలోని అనేక రైల్వే కాలనీల్లోకి పోలీసులు ప్రవేశించారు. సమ్మెలో ఉన్నవారి కుటుంబాలను క్వార్టర్ల నుంచి ఖాళీ చేయించిన ఘటనలు నమోదయ్యాయి. కార్మికుడు పనిముట్టు కింద పెడితే సామాను వీథిలో పడుతుంది. మామూలు రోజుల్లో కాలనీని దగ్గర చేసిన అమరికే ఆ మూడు వారాల్లో ఆయుధమైంది. రైల్వే కాలనీ ఉమ్మడి జీవితాన్ని తలచుకొని మురిసిపోయే జ్ఞాపకాల రచనల్లో ఈ భాగం తరచుగా జారిపోతుంది. రెండింటికీ మూలం ఒక్కటే కాబట్టి రెండింటినీ కలిపే చదవాలి.

7. పట్టాల అవతల లేఅవుట్లు

పదవీవిరమణకు పదేళ్ల ముందు నుంచే ప్రతి రైల్వే కుటుంబంలోనూ స్థలం మాట మొదలవుతుంది. భవిష్యనిధి నుంచి కొంత, సహకార పరపతి సంఘం అప్పు కొంత. పరిచయస్తులు పక్కపక్కనే స్థలాలు కొనుక్కొని, కాలనీలోని వరుసను కొత్త చోట మళ్లీ పేర్చుకోవడానికి చేసిన ప్రయత్నాలు రైల్వే కూడళ్లన్నిటి చుట్టూ కనిపిస్తాయి. అద్దె భత్యం పెరిగాక, బ్యాంకు రుణాలు సులభమయ్యాక ఉద్యోగంలో ఉండగానే సొంతింటికి మారేవారు ఎక్కువయ్యారు. కాలనీల్లో తలుపు మూసిన క్వార్టర్లు పెరిగాయి.

రేణిగుంట విషయంలో దీనికి వేరొక బలం తోడైంది. తిరుపతి విమానాశ్రయం ఉన్నది రేణిగుంటలోనే. దాని కొత్త టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రధాని ప్రారంభించారు. కరకంబాడిలో బ్యాటరీల పరిశ్రమ, విమానాశ్రయం దగ్గర ఎలక్ట్రానిక్స్ తయారీ సముదాయాలు వచ్చాయి. తిరుపతి–రేణిగుంట రహదారి పొడవునా ప్లాట్ల హద్దురాళ్లు మొలిచాయి. ఈ ప్రాంతంలో లేఅవుట్లకు అనుమతినిచ్చే ‘తుడా’ 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద ఏర్పడిన సంస్థ. రాష్ట్ర లేఅవుట్ నియమాల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో కనీసం పది శాతం ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసివ్వాలి. పెర్రీ పార్కులకు చెప్పిన వాటా కూడా పదో వంతే. కాగితం మీద రెండూ కలుస్తాయి.

నేలమీద కథ వేరు. పెర్రీ నమూనాలో ఆ పదో వంతు బడి చుట్టూ అల్లుకున్నది. ఇక్కడ అది ప్లాటుగా అమ్ముడుపోని మూల కావడమే ఎక్కువ. గిఫ్ట్ డీడ్ రిజిస్టరు అయ్యాక ఆ పార్కుకు యజమాని స్థానిక సంస్థ, వాడుకునేది ప్లాట్లు కొన్నవారు. బోరు మోటారు కాలిపోతే బాగుచేయించవలసింది ఎవరన్నది ప్రతిసారీ కొత్త చర్చ. స్థిరాస్తి రంగ నియంత్రణ చట్టం, 2016 ఈ ఖాళీని కొంత పూడ్చాలని చూసింది. మెజారిటీ కేటాయింపులు జరిగిన మూడు నెలల్లో కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా చూడటాన్ని నిర్మాణదారుడి బాధ్యత చేసింది. అయితే ప్లాటు కొన్నవారిలో అనేకులు పెట్టుబడి కోసం కొన్నవారు. సంఘం ఏర్పడే నాటికి అక్కడ కాపురమున్న ఇళ్లు నాలుగైదే కావచ్చు. ఇల్లు లేనిచోట పగటి నిద్ర కట్టుబాటు పుట్టదు.

రైల్వే కాలనీలో ఇల్లు ఎవరిదీ కాదు, ఇన్‌స్టిట్యూట్ అందరిదీ. లేఅవుట్‌లో ప్రతి ఇల్లూ ఒకరిది, పార్కుకు మాత్రం దిక్కు లేదు. ఇల్లు సొంతం కావడం నష్టమని దీని అర్థం కాదు. 1974ను చూసిన కుటుంబాలకు పట్టా కాగితం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రణాళిక రోడ్డు వెడల్పును నిర్ణయించగలదు. ఉమ్మడి స్థలానికి సొమ్ము ఎక్కడి నుంచి రావాలి, దాన్ని ఎవరు చూడాలి, వారిని ఎవరు నిలదీయాలి అన్న మూడు విషయాలు తేలకపోతే ఆ రోడ్డు పక్కన ఇరుగు ఉంటుందే గాని పొరుగు ఏర్పడదు.

ఈ పరివర్తనలో గమనించదగిన మధ్యవర్తులు పదవీవిరమణ చేసిన ఉద్యోగులు. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదయ్యే కాలనీ సంక్షేమ సంఘాల్లో కార్యదర్శిగానో కోశాధికారిగానో వారే ముందుండటం తిరుపతి పరిసరాల్లో సాధారణ దృశ్యం. మినిట్స్ పుస్తకం రాయడం, కోరం చూడటం, ఏడాదికొకసారి లెక్క చదవడం, ఓటు పెట్టెతో ఎన్నిక జరపడం అనే అలవాట్లు ఇన్‌స్టిట్యూట్ పాలకవర్గాల నుంచి, కార్మిక సంఘాల నుంచి వారితో పాటు వచ్చాయి.

పరిశోధకులకు ఇక్కడ తక్షణం చేయవలసిన పని ఒకటి ఉంది. కాల్ బుక్కులు, ఇన్‌స్టిట్యూట్ మినిట్స్, పందిరి చందా జాబితాలు, నాటకాల కరపత్రాలు, క్వార్టర్ల కేటాయింపు రిజిస్టర్లు ఈ జీవితానికి ప్రాథమిక ఆధారాలు. ప్రభుత్వ కార్యాలయాల్లో కాగితానికి నిర్ణీత ఆయుష్షు ఉంటుంది, అది తీరాక తూకానికి పోతుంది. పాత క్వార్టరు కూల్చినప్పుడు అటక మీది పెట్టె కూడా పోతుంది. 1977కు ముందు, అంటే పెద్ద ఆఫీసు మద్రాసులో ఉన్నప్పుడు, కొలువులో చేరినవారిలో మిగిలినవారు ఇప్పుడు వయసు మళ్లినవారే. వారి నోటి మాటను, ముఖ్యంగా ‘గార్డుగారి భార్య’గా మాత్రమే రికార్డుకెక్కిన స్త్రీల మాటను, వారి సొంత పేర్లతో నమోదు చేయవలసి ఉంది.